మొదటిసారేనండీ!

టెక్కలి దగ్గర హైవే దిగి, నౌపడ మీదుగా భావనపాడు బీచ్‌కి ఆదివారం కారు తోలే బాబుకి ఉప్పుమడులు కనపడవు, చేపల బుట్టతో ఎదురొచ్చే సైకిలూ కనపడదు. కారుకి నాలుగు వరుసల రహదారి మీద గంటకు 100 కిలోమీటర్లు, మామూలు రోడ్డు మీద 70 అని కేంద్రం 2018లోనే హద్దు గీసింది. బాబుకి రెండూ ఒకటే.

పట్టుబడగానే వచ్చే మాట: "మొదటిసారి సార్!" తోలడమా, దొరకడమా? ఆ వెంటనే ఫోను. ఎమ్మెల్యేగారి పీఏ, పీఏగారి తోడల్లుడు... మొదటిసారి రేటు మోటారు వాహనాల చట్టంలో ముందే రాసుంది. 183 సెక్షన్ కింద కారుకి 1,000 నుంచి 2,000 రూపాయలు. సిఫారసు చేసినవాళ్లకి పెట్టే బిర్యానీ కంటే చవక! ప్రమాదకరంగా తోలాడని 184 పడితే మాత్రం ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా 1,000 నుంచి 5,000 జరిమానా, లేదంటే రెండూ. అక్కడ తోడల్లుడు ఫోనెత్తడు.

అన్నట్టు, ఆ 183లోనే ఎవరూ చదవని ముక్క ఒకటుంది. తోలినవాడికే కాదు, జీతమిచ్చి తోలించినవాడికీ శిక్ష. వీలుకాని టైములో చేరమని హుకుం ఇస్తే, ఆ హుకుమే సాక్ష్యం. టిప్పరుకైతే 2,000 నుంచి 4,000. "బేగి ఇంకో ట్రిప్పు ఏసీయ్‌రా గుంటడా" అని ఫోన్లో కేకేసే ఓనరు పేరు రాయడానికి చలానాలో గడి ఎక్కడుందో!