ఆలు లేదు, చూలు లేదు, చేతిలో పెట్టె లేదు

సాయంత్రం పూట కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టుపక్కల ఏదైనా చాయ్ హోటల్ ముందు ఐదు నిమిషాలు నిలబడండి. మహాసంగ్రామం చెవిన పడుతుంది. ఒక పక్క నింటెండో స్విచ్ సైన్యం, ఇంకో పక్క స్టీమ్ డెక్ సైన్యం, మధ్యలో ఆర్‌ఓజీ అలై తరఫున ఒంటరిగా పోరాడే డిగ్రీ పిల్లగాడు. "నీ డబ్బా బ్యాటరీ రెండు గంటలు గూడ ఆగది బయ్" అని ఒకడంటే, "నీదాంట్ల గ్రాఫిక్స్ ఏడున్నయ్‌రా, అన్నీ చిన్నపోరల బొమ్మలే" అని ఇంకొకడు. చాయ్ చల్లారుతుంది గానీ లొల్లి చల్లారదు. వాళ్ల జేబులు తడిమి చూస్తే, చేత పట్టుకుని ఆడే ఆ మూడు ఆటల పెట్టెల్లో ఒక్కటీ దొరకదు.

దొరకకపోవడం వాళ్ల తప్పు కాదు. స్విచ్ 2017లో లోకమంతా విడుదలైంది. మన దేశంలో మాత్రం నింటెండో కంపెనీ తనంతట తానుగా దాన్ని అమ్మకానికి పెట్టలేదు. జగిత్యాలకో నిర్మల్‌కో ఒక స్విచ్ చేరిందంటే, దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన అన్న సూట్‌కేసులో బట్టల మడతల మధ్య చేరి ఉండాలి. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌ను తయారుచేసిన వాల్వ్ కంపెనీ మనల్ని తన గిరాకీల జాబితాలోనే వేసుకోలేదు. ఇక మిగిలింది అసూస్ వారి ఆర్‌ఓజీ అలై. అది 2023 జూలైలో రాజమార్గంలోనే మన దేశంలో అడుగుపెట్టింది, ధర 69,990 రూపాయలు. ఆ ఏడాది 'ఏ' గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,203 రూపాయలు, పొడుగు పింజ పత్తికి 7,020. అంటే కరీంనగర్ రైతు 32 క్వింటాళ్ల వడ్లు తూకం వేస్తే, లేదా ఆదిలాబాద్ రైతు 10 క్వింటాళ్ల పత్తి అమ్మితే ఒక్క పెట్టె. అంత పెట్టి కొన్నవాడు రోడ్డు మీదికి వచ్చి వాదించడు, ఇంట్లో తలుపేసుకుని ఆడుకుంటాడు. వాదించే బాధ్యతంతా కొననివాళ్ల భుజాల మీదే పడింది.

ఈ జబ్బు ఇప్పటిది కాదు. తొంభైల్లో వేములవాడ శివరాత్రికో, కొండగట్టుకో, కేస్లాపూర్ నాగోబా జాతరకో పోయినవాళ్లకు బొమ్మల దుకాణంలో ఈలలు, బుడగల పక్కన వేలాడే బ్రిక్ గేమ్ గుర్తుండే ఉంటుంది. దాని నెత్తిన '9999 ఇన్ 1' అని రాసి ఉండేది. పక్క దుకాణంలో '999 ఇన్ 1' దొరికేది. పోరడు నేల మీద పడి దొర్లి సాధించుకునేది మాత్రం పెద్ద అంకె ఉన్నదాన్నే. మర్నాడు బడిలో 999 వాడికి తల ఎత్తుకునే దారి ఉండేది కాదు. "నీదాంట్ల తొమ్మిది వేల ఆటలు తక్కువున్నయ్‌రా!" తీసివేతల లెక్క అంత తొందరగా ఏ సారూ నేర్పలేకపోయాడు.

అడ్డం 10, నిలువు 20 గడుల ఆ తెర మీద నికరంగా ఉన్నవి ఇటుకలు పేర్చుడు, పాము, ట్యాంకు, కారు, ఇంకొన్ని. తెర మీద ఆట పేరుగా వచ్చే అక్షరం పక్కన అంకె మారితే కొత్త ఆట అని లెక్క. చూస్తే అదే కారు, అదే రోడ్డు, కాస్త వేగం ఎక్కువ. ఆ ఇటుకల ఆట కూడా 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిస్‌కు నకలే. పోనీ పెట్టె మీది అంకెనే నమ్ముదాం. ఆటకు పది నిమిషాల చొప్పున వేసినా అన్నీ ముగియడానికి నిద్రాహారాలు మాని 69 రోజులు కావాలి. పోరడి దగ్గర ఉన్నవి రెండు పెన్సిల్ సెల్లులు. అవి కూడా టీవీ రిమోట్‌లోంచి పీకినవి. వాటి సత్తువ అయిపోతే ఎండకు పెట్టేవాడు, అప్పటికీ లేవకపోతే పళ్ల మధ్య పెట్టి నొక్కేవాడు. ఇవతల నాయిన వార్తల వేళకు రిమోట్ నొక్కి నొక్కి, టీవీ పాడైందని మెకానిక్‌కు కబురు పెట్టేవాడు.

అంకెల పిచ్చి మన సొత్తే అనుకుని సిగ్గుపడనక్కర లేదు. 1989లో నింటెండో గేమ్ బాయ్‌ను తెచ్చింది. తెర మీద రంగు లేదు, వెనక వెలుగు లేదు, ఆకుపచ్చ మసక. అదే ఏడాది అటారీ లింక్స్, మరుసటి ఏడాది సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో దిగాయి. కాగితం మీద గేమ్ బాయ్ అప్పుడే ఓడిపోయింది. కానీ గేమ్ గేర్ ఆరు సెల్లులు మింగి మూడు నుంచి ఐదు గంటల్లో చేతులెత్తేసేది, గేమ్ బాయ్ నాలుగు సెల్లులతో పది గంటలు దాటించేది. దాన్ని రూపొందించిన గున్‌పేయి యోకోయి పద్ధతే అది: చౌకబడ్డ పాత సామానుతో కొత్త ఆట పుట్టించాలి. చివరకు గేమ్ బాయ్, దాని రంగుల తమ్ముడు కలిసి 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడుపోతే, గేమ్ గేర్ కోటి పైచిలుకు దగ్గర ఆగింది. 2004లో మళ్లీ అదే కథ. మెరిసే తెరతో సోనీ పీఎస్‌పీ, రెండు చిన్న తెరలతో నింటెండో డీఎస్. అంకెల పండితులంతా పీఎస్‌పీకే ఓటేశారు. అది దాదాపు 8 కోట్లు అమ్ముడైతే డీఎస్ 15 కోట్లు దాటింది. అయినా పండితులు పాఠం నేర్చుకోలేదు. వాళ్లు ఇప్పుడు హెర్ట్జ్‌లు, టెరాఫ్లాప్‌లు వల్లె వేస్తున్నారు. నాటి 9999కు అవి మనవలు.

ఆ పీఎస్‌పీ కోసం 2009లో మన హైదరాబాద్ కంపెనీ గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా' అని ఒక ఆట చేసింది. అందులో కబడ్డీ, గిల్లీదండా ఉన్నాయి. గిల్లీదండా అంటే మన చిర్రగోనె. పీఎస్‌పీ గొప్పదని గొంతు చించుకున్న ఏ వీరుడినైనా ఆ ఆట గురించి అడగండి, నోరు పెగలదు. ఆయన ప్రేమంతా పెట్టె మీద, లోపల ఏముందో ఆయనకు పట్టదు.

ఫోన్లొచ్చాక పెట్టెల కరువు తీరింది గానీ సైన్యాలు కరిగిపోలేదు. గోదావరిఖని, మంచిర్యాల సందుల్లో పబ్జీ పక్షం, ఫ్రీ ఫైర్ పక్షం తయారయ్యాయి. మీది బీద ఫోన్ల ఆట అని వీళ్లు, మీది ఫోన్ వేడెక్కే ఆట అని వాళ్లు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్జీతో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. ఫ్రీ ఫైర్ పక్షం పండుగ చేసుకుంది. 2022 ఫిబ్రవరిలో 54 యాప్‌ల జాబితాలో ఫ్రీ ఫైర్ కూడా పోయింది. ఈసారి పండుగ అవతలి పక్షానిది. అప్పటికి 2021లో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చిన వాళ్ల ఆట, 2022 జూలైలో మళ్లీ మాయమైంది. 2023 మేలో అది మళ్లీ తేలేదాకా ఎవరూ ఎవరినీ వెక్కిరించే పరిస్థితి లేదు. కంపెనీలు మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. పేరు మార్చుకున్నాయి, కాగితాలు సర్దుకున్నాయి, దుకాణం తెరిచాయి. నెలల తరబడి మాటలు మానేసింది ఒకే గల్లీలో పెరిగిన దోస్తులే.

"అయ్యో, ఇదంతా సరదా కదా, మీకెందుకు కడుపుమంట?" అంటారు. నిజమే, సరదానే. షేరు ఒక్కటి లేకుండా కంపెనీ లాభాలకు పొంగిపోవడం, జీతం లేకుండా దాని పరువు కాపాడటం, దాని చార్జర్ చెడిపోతే కూడా అవతలివాడి చార్జర్‌దే తప్పనడం, ఇంతకన్నా సరదా ఏముంటుంది? ఒక్క చిన్న పరీక్ష పెట్టండి చాలు. ఏ ఆటలో, ఎక్కడ ఓడిపోయావని అడగండి. ఆడినవాడు కళ్లు పెద్దవి చేసి ఆ గుహ ముచ్చట, ఆ చివరి రాక్షసుడి ముచ్చట అరగంట చెబుతాడు. ఆడనివాడు పెట్టె బరువు ఎన్ని గ్రాములో చెబుతాడు.

కాబట్టి పైసలుంటే నచ్చినది కొనుక్కోండి. లేకపోతే ఫోన్లో ఆడుకోండి. అదీ విసుగొస్తే చిర్రగోనె ఉండనే ఉంది, రెండు కట్టె ముక్కలు చాలు. దానికి కంపెనీ లేదు, గ్యారంటీ కార్డు లేదు, పెట్టె మీద అంకె లేదు. అందులో మాత్రం లొల్లి ఉండదని ఎవరన్నారు? ఔటా కాదా అని బొబ్బలు పెట్టుకుని పొద్దు గుంకేదాకా కొట్లాడుకోవచ్చు. కనీసం ఆ లొల్లి ఆడినవాళ్లది.