లైన్లో ఉన్నారా?

గుంటూరువాళ్లకి ఇంటి అడ్రసు చెప్పడానికి రెండంకెలు చాలు. "ఫోర్ బై ఫోర్టీన్, బ్రాడీపేట" అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని రిక్షావాడి దగ్గర్నుంచి రిజిస్ట్రారు దాకా అందరికీ తెలుసు. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో వీధిని వీధి అనరు, లైననే అంటారు. బయటి ఊరివాళ్లకి ఈ లెక్క ఓ పట్టాన ఎక్కదు. డాలస్‌లో ఉంటున్న మా బాబాయి కొడుకు శుభలేఖ మీద 4/14 చూసి, అమెరికా అలవాటులో దాన్ని ఏప్రిల్ పద్నాలుగు అనుకుని టికెట్టు కొనబోయాడు. ముహూర్తం మాఘమాసంలో! అది మండపం అడ్రసురా నాయనా అని చెప్పి ఆపేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

అందుకే రైల్లో ఎదుటి సీటాయన పులిహోర పొట్లం విప్పుతూ "మీరు ఏ లైన్లో ఉన్నారండీ?" అని అడిగితే గుంటూరువాడు తడుముకోడు. "రెండో లైన్లో" అంటాడు. అడిగినాయన ఉద్దేశం ఉద్యోగమేమిటి, వ్యాపారమేమిటి అని. ఆయనకి అదో లెక్క. మెడికల్ లైన్, ఐటీ లైన్, రియలెస్టేట్ లైన్. చదువు అబ్బని కొడుకు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు "మావాడి లైన్ వేరండీ" అంటాడు. ఇక ఆపైన ఎవరూ తవ్వి అడగకూడదు. అడగరు కూడా.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువాళ్లు 'రన్' అనే ఒక్క క్రియకి 645 అర్థాలు లెక్కగట్టారట. లైనుకి ఆ కిరీటం దక్కలేదు. వాళ్లు మా ఊరు వచ్చి ఓ వారం కూచుంటే వేరే సంగతి. అయినా నాకు తోచేదేమిటంటే, ఈ ఘనత లైనుది కాదు, మన క్రియలది. లైన్ వేయడం, లైన్ కట్టడం, లైన్ దాటడం, లైన్ కలవడం, లైన్ తప్పడం, లైన్లో పెట్టడం, లైన్లోకి రావడం. మాట వాళ్లది, చాకిరీ మనది. ఇంగ్లీషువాడు ఆ మాటను నిటారుగా గీసి మనకప్పజెప్పాడు. మనం దాన్ని నిటారుగా ఉండనిచ్చిన పాపాన పోలేదు.

అసలు పుట్టుకలో అది గీత కూడా కాదు, దారం. లాటిన్‌లో అవిసె నారతో పేనిన దారాన్ని ఆ పేరుతో పిలిచేవారు. వేసవిలో మనం మోజుపడి కొనుక్కునే లినెన్ చొక్కాదీ ఆ కుదురే. కాబట్టి ఇప్పటికీ లైన్‌ని అసలైన అర్థంలో వాడేది ఇంగ్లీషు ప్రొఫెసర్లు కాదు, మన తాపీమేస్త్రీలు. రెండు మేకుల మధ్య దారం బిగించి, ఒక కన్ను మూసి చూసి, "లైన్ తప్పింది, పీకెయ్" అంటాడు మేస్త్రి. పొద్దుట్నుంచీ కట్టిన గోడ కూలీవాడి కళ్లముందే కూలుతుంది.

ఈ మాట మీద నాకు జ్ఞానోదయం చేసింది మాత్రం మా మేనమామ. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మనిషి స్తంభం దిగి చాలా ఏళ్లయినా ఆయన భాష ఇంకా దిగలేదు. బజారుకెళ్లాలన్నా "మీ అత్త దగ్గర ఎల్‌సీ తీసుకుని వస్తానుండు" అంటాడు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైను మీద పనుంటే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ అడగాలి. అక్కడ ఆపరేటరు ఆ ఫీడరుకి సరఫరా ఆపి, అడిగినవాడి పేరూ టైమూ రిజిస్టర్లో రాసుకుని, సరే అనాలి. ఇక్కడ ఏబీ స్విచ్ దించాలి, ఎర్త్ రాడ్లు తగిలించాలి. అప్పుడు గాని కాలు స్తంభం మీద పెట్టకూడదు. పని ముగిశాక ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగివ్వాలి. పక్కవాడు చెబితే చెల్లదు. ఈ చివరి నియమం మా అత్తయ్యకి బాగా నచ్చింది. మామయ్య బజారు నుంచి రాగానే తనే స్వయంగా ఎదురుగా నిలబడి లెక్క అప్పజెప్పాలి, పిల్లల చేత సంచీ పంపిస్తే కుదరదు.

ఇదే లైన్ క్లియర్ రైల్వేవాళ్లకీ ఉంది. ఒంటిపట్టాల దారిలో ముందు స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ ఇస్తేగాని ఈ స్టేషన్లో బండి కదలదు. వెనకటికి దానికి సాక్ష్యంగా ఓ ఇనప గుండు ఉండేది. నీల్స్ బాల్ టోకెన్ అనే యంత్రంలోంచి ఆ గుండు తీసి, తోలు సంచిలో వేసి, సంచిని పెద్ద రింగుకి కట్టి డ్రైవరుకి అందించేవారు. ఆగని బండి అయితే పాయింట్స్‌మన్ రింగు పైకెత్తి పట్టుకుని నిలబడేవాడు, ఇంజన్లోంచి చెయ్యి చాపి అందుకునేవారు. ఆ గుండు చేతిలో ఉన్నంతసేపూ ఆ లైను ఆ బండిది.

ఇక్కడే నాకో అనుమానం వచ్చింది. రైల్వేలో లైన్ క్లియర్ అంటే "ఇక రావచ్చు" అని. కరెంటోళ్లలో లైన్ క్లియర్ అంటే "ఇక రాకూడదు" అని. ఒకే మాట ఒకచోట రైలుని పిలుస్తుంది, ఇంకోచోట కరెంటుని తరిమేస్తుంది. మామయ్యతో అంటే ఆయన నవ్వలేదు. "రెండుచోట్లా మర్చిపోతే పోయేది ప్రాణమే కదరా" అన్నాడు. పత్రికలవాళ్లకి అంత పట్టింపు లేదు. ఫలానా సినిమా విడుదలకు లైన్ క్లియర్, ఫలానా వారి మంత్రి పదవికి లైన్ క్లియర్ అని రాసేస్తారు. వచ్చేది రైలో కరెంటో పాఠకుడే తేల్చుకోవాలి.

వేయడం అన్న క్రియ దగ్గరికొద్దాం. తెలుగువాడు వేయనిదంటూ లేదు. ఓటు వేస్తాడు, ముగ్గు వేస్తాడు, చొక్కా వేస్తాడు, తలుపు వేస్తాడు, పథకం వేస్తాడు. సరే, మా వీధికి కొత్త లైన్ వేశారు. అదే వారంలో వీధి చివరి కుర్రాడు కూడా లైన్ వేశాడు. మొదటిదానికి స్తంభాలు కావాలి. రెండోదాంట్లో కుర్రాడే స్తంభంలా నిలబడతాడు. ఆ అమ్మాయి ట్యూషన్ నుంచి వచ్చేవేళకి కిళ్లీకొట్టు ముందు ఒంటికాలి మీద బండి ఆపి, లేని ఫోన్ మాట్లాడుతూ. కోస్తాలో వేసే ఈ లైన్‌నే హైదరాబాదులో కొడతారు. హిందీవాళ్లు మారేదాన్ని అక్కడివాళ్లు తెలుగు చేసుకున్నారంతే. వేసినా కొట్టినా ఫలితంలో తేడా లేదు. మా లైన్‌మన్ మామయ్య ఓ సాయంత్రం ఆ కుర్రాణ్ని పరిశీలనగా చూసి, "రిటర్న్ వైరు లేదురా దీనికి" అని తేల్చేశాడు.

ఇప్పుడు ఆడపిల్లలూ స్తంభాలెక్కుతున్నారు. తెలంగాణలో కోర్టుకెళ్లి మరీ ఆ హక్కు సాధించుకున్నారు. ఉద్యోగం పేరే ఇంకా తేలలేదు. లైన్‌ఉమన్ అంటే నోరు తిరగదు, లైన్‌మన్ అంటే అబద్ధం. మనవాళ్లు తాపీగా "లైన్‌మన్ మేడమ్" అని ముడి విప్పేశారు. నాకైతే ఇంతకన్నా మంచి అనువాదం కనబడలేదు.

ఫిల్మ్‌నగర్‌లో లైనంటే కథ. "సార్, ఒక లైనుంది, రెండు నిమిషాలు" అని ఎవరైనా అన్నారంటే మధ్యాహ్నం మీల్స్ చెప్పేసుకోవచ్చు. నాకు దూరపు బంధువు ఒకబ్బాయి కృష్ణానగర్‌లో రూము తీసుకుని లైన్లు చెప్పుకుంటూ తిరుగుతుంటాడు. ఓసారి మా ఇంటికొచ్చి లైన్ మొదలుపెట్టాడు. కాఫీ అయింది, హీరో పుట్టాడు. టిఫిను అయింది, హీరోకి చెల్లెలు పుట్టింది. ఇంటర్వెల్ బ్యాంగ్ వచ్చేసరికి మా ఆవిడ కుక్కర్ పెట్టింది. విజిల్ వచ్చినప్పుడల్లా అతను ఆగి, అది తన కథకొచ్చిన విజిలే అన్నట్టు చిన్నగా నవ్వి, మళ్లీ అందుకునేవాడు. లైన్ నచ్చితే వన్‌లైన్ ఆర్డర్ చేస్తారట. పేరు చూసి మోసపోకండి. అది ఒక లైను కాదు, సీనుకో లైను చొప్పున సినిమా మొత్తం పరవడం. ఆపైన లైన్ ప్రొడ్యూసర్ అని ఒకాయన ఉంటాడు. ఆయన లైనూ రాయడు, సొంత డబ్బూ పెట్టడు, షూటింగ్ ఖర్చులకి లెక్క చూస్తాడు. "మరి ఇంతవరకూ ఎవరికైనా లైన్ నచ్చిందా?" అని మా ఆవిడ అడిగింది. "అందరికీ నచ్చిందక్కా, లైన్లో పెట్టారు" అన్నాడు.

మా వైపు పెద్దలకి లైనంటే ఇవేవీ కావు. కమ్యూనిస్టు పార్టీ లైన్. 1948లో పార్టీ కార్యదర్శి రణదివే లైన్ నగరాల్లో కార్మికుల తిరుగుబాటు అంటే, ఆంధ్ర కమిటీ అది మనకి కుదరదు, పల్లెల్లో రైతుల్ని కూడగట్టే చైనా దారే మనదారి అంది. తేల్చుకోవడానికి 1951లో నలుగురు మాస్కో వెళ్లి స్టాలిన్‌ని కలిశారు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. అయినా తెగలేదు. 1964 జులైలో మా పక్కనే తెనాలిలో సమావేశమయ్యాక ఒకే పార్టీ రెండైంది. ఆ లైన్ల కోసం ఇళ్లు పోయినవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు, అది నవ్వే సంగతి కాదు. నవ్వొచ్చేదల్లా ఇప్పటి సంగతి. అప్పట్లో పార్టీ విడిచినవాణ్ని "లైన్ తేడా వచ్చింది" అనేవారు. ఇప్పుడు పార్టీ మారేవాడికి లైన్ తేడా రాదు, లైన్ క్లియర్ వస్తుంది.

లైన్ దాటొద్దని పిల్లల్ని కేకలేస్తాం. కబడ్డీలో మాత్రం మధ్యగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో ఉన్న బాక్‌లైన్ దాటకుండా, ఎవర్నీ తాకకుండా వెనక్కొస్తే అవుటే. 

తిరుపతి వార్త తెలిసిందే. 31 కంపార్ట్‌మెంట్లు నిండి క్యూలైన్ బయటికొచ్చింది అంటారు. క్యూ అంటేనే వరుస. ఫ్రెంచిలో తోక. ఆ తోకకి మనం లైన్ అతికించాం. రిటర్న్ తిరిగొచ్చేవాళ్లం, లాస్టు చివర కూచునేవాళ్లం, క్యూ ఒక్కటీ సరిపోతుందా మనకి?

ఇక ఊళ్లలో ఆన్‌లైన్ సంగతి. మా పెదనాన్నకి స్మార్ట్‌ఫోన్ లేదు, ఉన్నా తీయడు. కానీ రోజుకి పదిసార్లు ఆన్‌లైన్ అంటాడు. పల్లెలో ఆ మాటకి ఇంటర్నెట్ అని అర్థం కాదు. పొలం ఎవరిదో ప్రభుత్వ కంప్యూటర్‌లో ఎక్కడం. "మనది ఆన్‌లైన్ అయిందిరా", "వాడిది ఆన్‌లైన్ కాలేదట, లోను రాదు". తెలంగాణలో 2020లో ధరణి పోర్టల్ వచ్చాక అక్కడ "ధరణిల ఎక్కలే" అన్నారు, బాధ అదే. తాతల నాటి దస్తావేజు ట్రంకుపెట్టెలో ఉంది, చేను కళ్లెదురుగా ఉంది, పెదనాన్న గట్టు మీద ఉన్నాడు. హక్కుల రికార్డు 1బీలో మాత్రం ఆయన పేరు లేదు.

దానికోసం ఓ పొద్దున బయల్దేరాడు. ఆన్‌లైన్ కోసం లైన్లో నిలబడితే, ఆయన వంతు వచ్చేసరికి లైన్ పోయింది. లైన్‌మన్‌కి ఫోన్ చేస్తే లైన్ దొరకలేదు. ఈ ముక్క నాకు చెప్పేటప్పుడు పెదనాన్న ఎక్కడా తడబడలేదు, నేనూ ఎక్కడా ఆగి ఏ లైన్ అని అడగలేదు.

చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. పెద్దమ్మ కాళ్లకి నీళ్లిస్తూ చూసింది.

"చెప్పులేవి?"

"లైన్లో ఉన్నాయి."

"అదేంటి?"

"రేపు పొద్దున్నే రమ్మన్నాడు. అందరం వదిలేసి వచ్చాం. నాది ముందు నుంచి ఏడో జత."