శిక్షణా ప్రభువులకు జయము జయము

కరుణావరుణాలయులూ, ధ్రువపత్ర వితరణలో అభినవ కర్ణులూ, దస్త్రాల్లో దివ్యాంగులందరికీ బతుకుతెరువు చూపించిన క్రాంతదర్శులూ అయిన శిక్షణా ప్రభువులకు జయము జయము!

ఏ పని నేర్చుకోవాలో ఎంచుకునే కష్టమైనా దివ్యాంగుడికి కలగకూడదన్న మీ దయ అపారం. చూపు లేదా, కుర్చీ అల్లిక. వినికిడి లేదా, కుట్టుమిషను. కాలు లేదా, కొవ్వొత్తులు, అగరొత్తులు, ఫినాయిలు. ముఖమైనా చూడకుండా జాతకం చెప్పగల మీ దివ్యదృష్టికి, బీకాం పట్టాతో వచ్చిన పిల్లకు సైతం మైనం కరిగించే విద్యనే అనుగ్రహించిన మీ సమభావానికి, ఎవరూ కొనని ఆ కొవ్వొత్తులను ఏటేటా మీ ఎగ్జిబిషన్ స్టాల్లోనే అందంగా పేర్చి మురిసే మీ రసికతకు సాటి ఏది?

కంప్యూటర్ కోర్సు మీ కిరీటానికి కలికితురాయి. పైసా ఖర్చు లేకుండా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను ఆ యంత్రాల గడప తొక్కనివ్వని మీ జాగరూకత వల్లనే గదా, తెరమీది రాతను చదివి వినిపించే గొంతు ఏదీ అడ్డురాక, అంధ విద్యార్థులు మూడు నెలలపాటు ఆ తెర ముందు నిశ్చల ధ్యానం సాగించి, నూటికి నూరు హాజరుతో, సర్టిఫికెట్ అందుకుని తరించింది! సైగభాష వచ్చిన బోధకుణ్ని పెట్టి బధిరుల ప్రశాంతతను భంగపరచని మీ సౌకుమార్యమూ అంతటిదే.

ఇక చట్టం పట్ల మీ భక్తి. 1995 నాటి వికలాంగుల చట్టం 3 శాతం కొలువులిమ్మంటే ఓర్పుగా విన్నారు. 2016 చట్టం దాన్ని 4 శాతం చేస్తే అంతే ఓర్పుగా విన్నారు. భర్తీకాని ఖాళీని తర్వాతి నియామక సంవత్సరానికి చేర్చమన్న 34వ సెక్షన్‌ను శిరసావహించి, ఆ ఖాళీలను ఏళ్లకేళ్లు బ్యాక్‌లాగ్ భాండాగారంలో చెక్కుచెదరకుండా భద్రపరిచారు. ప్రజలు వాడే భవనాలను ఐదేళ్లలో అందరికీ అనువుగా మార్చాలన్న గడువు 2022లోనే ముగిసినా, మన ప్రాచీన సోపాన వైభవానికి మచ్చ రానీయక, ఉద్యోగ మేళాను లిఫ్టు లేని రెండో అంతస్తులో జరిపి, అభ్యర్థుల పట్టుదలను మెట్ల దగ్గరే పరీక్షించే మీ ముందుచూపును ఏ నోట పొగడను?

ఏటా డిసెంబర్ 3న, దివ్యాంగుల దినోత్సవం నాడు, ర్యాంపు లేని వేదికనెక్కి, ఒకరికొకరు శాలువాలు కప్పుకొని, కింద చక్రాల కుర్చీల్లో ఉన్నవారిని చూపుతూ "వీరు మనకంటే సమర్థులు" అని గద్గదస్వరంతో చాటుతారు. అంతటి సమర్థులను నెల జీతమిచ్చి చిన్నబుచ్చని మీ సంస్కారం ఆచంద్రార్కం వర్ధిల్లుగాక!