మాఫీ అయింది, కట్టండి!

అమెరికా ఫెడరల్ కోర్టులో సివిల్ అప్పీలు వేయాలంటే ఫీజు 605 డాలర్లు. ఫెడరల్ జైల్లో మామూలు పనులకు కూలి గంటకు 12 నుంచి 40 సెంట్లు. అంటే అట్టడుగు కూలి ఖైదీ అయిదు వేల గంటలకు పైగా నేల తుడిస్తే, 'అన్యాయం మహాప్రభో' అన్న ముక్క పై కోర్టు చెవిన వేయొచ్చు. మధ్యలో సబ్బు, టూత్‌పేస్టు కొనుక్కోకుండా ఉంటేనే సుమా!

'అయ్యా, నిరుపేదను' అని అఫిడవిట్ ఇస్తే? కోర్టు నమ్ముతుంది. నమ్మి, వాయిదాల్లో కట్టమంటుంది. 1996 నాటి చట్టం పుణ్యమా అని ఖైదీకి ఫీజు మాఫీ అంటే అదే. ఖాతాలో 10 డాలర్లు దాటితే చాలు, నెల రాబడిలో 20 శాతం కోత. అమ్మ పంపిన పండగ డబ్బులూ రాబడే. పైగా ఒక్కో కేసుకూ విడివిడిగా 20 శాతమని 2016లో సుప్రీంకోర్టు లెక్క తేల్చింది. అయిదు కేసులున్నవాడికి నూటికి నూరూ హుళక్కి!

చిల్లిగవ్వ లేనివాణ్ని మాత్రం గుమ్మంలో ఆపకూడదట. లోపలికి రానిచ్చి, పద్దు రాసుకుంటారు. మా వీధి కిరాణాకొట్టాయనే నయం, 'అప్పు రేపు' అని ముందే బోర్డు పెడతాడు.