‘నో’ అనడం నేర్పే సెమినార్, హాజరు తప్పనిసరి

1959లో ఆర్‌ఈసీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చాక హనుమకొండలో గైడ్లకూ స్కాలర్లకూ కొదవ లేదు. ఇప్పుడు కొత్తగా దిగినవాళ్లు వ్యక్తిత్వ వికాస నిపుణులు. స్కాలర్లు, పార్ట్‌టైమ్ లెక్చరర్లు అందరినీ మెప్పించాలని పాకులాడి, ప్రతిదీ పర్ఫెక్టుగా ఉండాలని నిద్ర మానుకుని నలిగిపోతున్నారట. ‘నో’ అనడం అలవాటైతే అంతా సర్దుకుంటుందట. రోగం మనసులోదేనని తేల్చేశారు కనుక మందూ చౌకే: ఒక పూట సెమినార్, చివర్లో సర్టిఫికెట్. ఆ సెమినార్‌కే ‘నో’ అన్నవాళ్ల పేర్లు హెచ్‌ఓడీ గారు రాసుకుంటారు, అది వేరే సంగతి.

ఎవరికి ‘నో’ అనాలో కూడా చెబితే బాగుండేది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి మామూలు గడువు 6 ఏళ్లు. గైడు సంతకం లేనిదే థీసిస్ కదలదు. సార్ పేపర్లు దిద్దిపెట్టడం, ముఖ్య అతిథిని కాజీపేట స్టేషన్ నుంచి తీసుకురావడం, శాలువాల లెక్క చూడడం సిలబస్‌లో లేవు. ఫెయిలైతే సప్లిమెంటరీ కూడా లేదు. ఉద్యోగం రెన్యువల్ ఎవరి చేతిలో ఉందో వారి ముందు ‘సరే సార్’ అనడాన్ని బలహీనత అంటే ఎలా? అది లెక్క తెలిసిన బతుకు. పర్ఫెక్షన్ కథా అంతే. 1989 నుంచి 2016 వరకు అమెరికా, కెనడా, బ్రిటన్ విద్యార్థులపై జరిగిన సర్వేలను పరిశోధకులు థామస్ కరన్, ఆండ్రూ హిల్ కలిపి చూశారు. పర్ఫెక్షన్ రకాల్లో అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది ‘లోకం నా నుంచి కోరుతోంది’ అనే ఒత్తిడేనని తేలింది. మన కాలేజీల్లో ఆ లోకం పేరు, నాణ్యత తేల్చే న్యాక్. న్యాక్ తనిఖీ అంటే ర్యాంపు మీద వీల్‌చైర్ ఎక్కుతుందా అని చూసే తీరిక ఎవరికీ ఉండదు. ర్యాంపు ఫొటోకు జియోట్యాగ్ పడిందా అన్నదే బెంగ. మెప్పించే జబ్బు స్కాలర్లదే అయితే, గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ వర్సిటీకి మంచి గ్రేడు కోసం లంచాలన్న ఆరోపణపై 2025 ఫిబ్రవరిలో న్యాక్ తనిఖీ బృందం సభ్యులను సీబీఐ ఎందుకు అరెస్టు చేసినట్టు?

కామా దగ్గర ఏడాది గడిపే స్కాలర్లు లేరా అంటారు. ఉన్నారు, వారికి ఈ సలహా కొంత పనికొస్తుంది కూడా. కాకపోతే పోయినసారి గైడు ఎర్రసిరాతో చుట్టింది ఆ కామానే. థీసిస్‌లోని వాదన జోలికి ఆయన పోలేదు. ‘మేమూ ఇలాగే పైకొచ్చాం’ అనే పెద్దలు ఇంకొందరు. వచ్చారు, అందుకే కింద మెట్లు అలాగే ఉన్నాయి. అధ్యాయం అందిన నెలలోగా గైడు రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పాలనీ, రెన్యువల్ నిరాకరిస్తే కారణం కాగితం మీద పెట్టాలనీ రూలు తెమ్మనండి. అది పాలసీ మ్యాటర్ అంటారు.