డబుల్ బోన్, సింగిల్ బాల్కనీ

కుక్కపిల్లలు అమ్మేవాళ్ళ లెక్క ప్రకారం లాబ్రడార్‌కి రెండు సుగుణాలు. ఒకటి, అది ‘డబుల్ బోన్’. రెండు, ‘చాలా కామ్ సార్, ఫ్లాట్‌కి బెస్టు’.

మొదటి సుగుణం సంగతి పశువైద్యుణ్ణి అడగండి. ఎన్ని ఎక్స్‌రేలు తీసినా ఆ రెండో ఎముక ఆయనకి కనపడదు. కనపడేది సరిగా అమరని తుంటి కీలు. అయినా కాళ్ళు రోకళ్ళలా ఉన్న పిల్లకే రేటెక్కువ. ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతుంటే, ‘45 రోజుల పిల్ల రెడీ’ అని వాట్సాప్ స్టేటస్. ఎముకలు రెట్టింపు చేయగలిగినవాళ్ళకి పదకొండు రోజులు మింగెయ్యడం ఒక లెక్కా?

రెండో సుగుణం దగ్గర కాస్త ఆగాలి. ఈ ‘కామ్’ కుక్క పూర్వీకులు కెనడా తూర్పు కొసన, న్యూఫౌండ్‌లాండ్ జాలర్ల దగ్గర కొలువు చేసేవి. ఎముకలు కొరికే చలినీళ్ళలో దూకి, గాలం నుంచి జారిన చేపల్ని పట్టుకొచ్చేవి, వలల తాళ్ళు ఒడ్డుకి లాగేవి. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ దొరలు వాటిని ఓడల్లో తెప్పించుకుని, తుపాకీ దెబ్బకి నీళ్ళలో పడ్డ బాతుల్ని తెచ్చే పనిలో పెట్టారు. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ దీన్ని జాతిగా గుర్తించింది. తడి లోపలికి దిగనివ్వని జిడ్డు బొచ్చు, దాని కింద మెత్తటి రెండో పొర, వేళ్ళ మధ్య తోలు, చుక్కానిలా తిరిగే తోక. ఇంత సరంజామాతో పుట్టిన జీవికి మనం ఇచ్చిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, పన్నెండో అంతస్తు బాల్కనీలో బట్టలారేసే స్టాండుకి కాపలా.

పొద్దున వాకింగ్ ఉంటుంది లెండి. వాచ్‌మన్ గేటు దాకా తీసుకెళ్తాడు, అది స్తంభం దగ్గర కాలెత్తుతుంది, ఇద్దరూ లిఫ్టెక్కుతారు. ఇక సాయంత్రం దాకా ఒంట్లో బలమంతా ఎక్కడికి పోవాలి? సోఫా మూలలోకి పోతుంది. రిమోట్‌లోకి పోతుంది. అయ్యగారి ఎడమ కాలి చెప్పు నోట కరుచుకుని, పన్ను గాటు పడకుండా తెచ్చి, హాల్లో ఆయన కాళ్ళ దగ్గర పెట్టి తోకాడిస్తుంది. పడిన వస్తువుని తెచ్చి యజమానికి అప్పగించడం దాని కులవృత్తి. అది డ్యూటీ చేసి జీతం అడుగుతుంటే, ‘బొత్తిగా క్రమశిక్షణ లేదండీ’ అంటాడాయన, వెతుక్కుంటే రెండో చెప్పు తనకే దొరకనివాడు.

మరి ‘కామ్’ ఎలా అవుతుందంటారా? దానికి మన ఇళ్ళలో తిరుగులేని మందుంది: పెరుగన్నం. అమ్మమ్మ ఓ ముద్ద, పిల్లలు ఓ బిస్కెట్టు, పనిమనిషి జాలిపడి చపాతీ. ‘పాపం, ఆకలేస్తోంది, ఆ కళ్ళు చూడు.’ కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో ఆ కళ్ళ గుట్టు కొంత విప్పారు. లాబ్రడార్‌లలో దాదాపు నాలుగింట ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో ఓ ముక్క ఉండదట. కడుపు నిండిందన్న కబురు మెదడుకి సరిగా అందదు. అమ్మమ్మకి ఇదంతా చెప్పి చూడండి, మీకూ ఓ ముద్ద పెడుతుంది. మగ లాబ్రడార్ ఉండాల్సింది 29 నుంచి 36 కిలోలు. మూడేళ్ళకి 45 దాటి, ఫ్యాను కింద చాపలా పరుచుకున్నాక ఇల్లంతా మురిసిపోతుంది: ‘ఎంత శాంతం వచ్చిందో!’ దాన్ని శాంతం అనరు, ఆయాసం అంటారు.

ఆదివారం ఆదివారం షాంపూతో రుద్ది ఆ జిడ్డు కాస్తా వదలగొడతారు, వేలాడే చెవుల్లో తడి మాత్రం తుడవరు. చీము కారాక వాసనేమిటని ముక్కు మూసుకుంటారు. మేలో గుండు కొట్టించి ఎండకి వదిలేసేవాళ్ళు మరో తెగ.

దీన్ని తీసుకెళ్ళి హుస్సేన్ సాగర్‌లో దించమని ఎవరూ అనడం లేదు, దానికా శిక్ష ఎందుకు? ఎండెక్కకముందు గంటసేపు పరుగు, విసిరితే తేవడానికో బంతి, కాళ్ళు మునిగే టబ్బులో నీళ్ళు, కొలిచి పెట్టే తిండి. లక్షలు పోసి ఇంటీరియర్ చేయించినవాళ్ళకి ఇది మోయలేని భారమేమీ కాదు. కానీ టబ్బు పెడితే పాలరాయి తడుస్తుందట.

అందుకే ఇంకో వాట్సాప్ స్టేటస్ కూడా అచ్చు గుద్దినట్టు వస్తూ ఉంటుంది: ‘లాబ్రడార్, మూడేళ్ళు, చాలా కామ్, డబుల్ బోన్. మేం అమెరికా వెళ్తున్నందున మంచి కుటుంబానికి ఉచితంగా ఇవ్వబడును. తోట ఉన్నవారికి ప్రాధాన్యం.’