చెనక్కాయల పొడి సిగ్నలు

మా హాల్లో గోడ గడియారం ఎప్పుడు చూసినా నాలుగుంపావే. పాపం, దాని తప్పేం లేదు. దాని క్రిస్టల్ నా డబ్బాలో ఉంది. సన్నటి లోహపు గొట్టంలో దాక్కున్న ఆ క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు వణుకుతుంది. ఆ అంకెను 15 సార్లు సగం చేసుకుంటూ పోతే సెకనుకు ఒక్కటి మిగులుతుంది, ముల్లు ఒక అడుగు వేస్తుంది. ఇంతటి లెక్కను విప్పి చూడాలనిపించదా? మా ఆవిడకు అనిపించలేదు. "ఇప్పుడు టైమెంతో చెప్పండి" అంది.

నేను హ్యామ్‌ని. అంటే పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లోవాళ్లతో తప్ప లోకమంతటితో రేడియోలో మాట్లాడేవాణ్ని. మాకు కులదైవాలు ఫ్రాన్సు క్యూరీ సోదరులు. స్ఫటికాన్ని నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో చూపించారు. కరెంటిస్తే స్ఫటికమూ కదులుతుందని మరుసటేడు తేల్చారు. దీన్నే పియెజో ఎలక్ట్రిక్ ప్రభావం అంటారు. మా ఇంట్లో మాత్రం "ఈయన పిచ్చి" అంటారు.

హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ రేడియోను దేశదేశాల హ్యాములు ఇంట్లోనే కట్టుకున్నారు. అందులో 10 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్లను వరసగా పెడితే, మనకు కావలసిన గొంతును పోనిచ్చి పక్క స్టేషన్ల గోలను ఆపేస్తాయి. అన్నిటి మీదా అచ్చు ఒకటే. కొలిస్తే మాత్రం దేని దారి దానిదే. జాతకాలు కలిసినవాటిని ఏరుకోవాలి. కాయిల్ చుట్టుకోవడానికి కొళాయి వాషర్ చాలన్నాడు ఫర్హాన్. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్లు మించి ఆశపడలేని అనంతపురంలో, నేను వంటింటి కొళాయి విప్పాను. ఆ రాత్రి కారిన ప్రతి చుక్కకూ మా ఆవిడ ఒక మాట అంది. ఒక్కటీ వృథా పోలేదు.

మొత్తానికి రేడియో పలికింది. అయితే చాలా సిరామిక్ కెపాసిటర్లలో బేరియం టైటనేట్ ఉంటుంది. అదీ పియెజో జాతిదే. బల్ల అదిరితే చాలు, వోల్టేజీ పుట్టించి ఆసిలేటర్‌ను ఊపేస్తుంది. నా బల్లేమో వంటింటి గోడకు ఆనుకుని ఉంది. ఓసారి 7 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతుంటే బళ్లారి నేస్తం అడిగాడు:

"ఓల్డ్ మ్యాన్, మీ సిగ్నల్ దడదడలాడుతోంది. ఏం దంచుతున్నారప్పా?"

"చెనక్కాయల పొడి."

"కారం కొంచెం తగ్గించమను."

స్పీకర్లో ఆ మాట విని మా ఆవిడ రోకటి పోటు పెంచింది.

ఇక వంటింట్లో గ్యాస్ లైటర్, అదీ పియెజో జాతిదే. దానికి బ్యాటరీ అక్కర్లేదు. మీట నొక్కితే స్ప్రింగు తెగబడి చిన్న సుత్తిని సిరామిక్ ముక్క నెత్తిన కొడుతుంది. ఆ దెబ్బకు వేల వోల్టులు పుట్టి నిప్పురవ్వ ఎగురుతుంది. నిప్పురవ్వకు ఫ్రీక్వెన్సీ పట్టింపు లేదు కనుక నా హెడ్‌ఫోన్లో ఏ బ్యాండు మీదున్నా "టక్". ఇది కనిపెట్టాక ఆమె నన్ను కేకేయడం మానేసింది. ఒక టక్కయితే కాఫీ, రెండయితే భోజనం, ఆగకుండా కొడితే కొళాయిలో నీళ్లొచ్చాయని.

స్పార్కు ట్రాన్స్‌మిటర్లను లోకం ఏనాడో నిషేధించిందనీ, పైగా ఆమెకు లైసెన్సు లేదనీ చెప్పి చూశాను.

"బిందెలు మొయ్యడానికి మీకుందా?" అంది.

లేదు. అయినా మోస్తున్నాను.